కెగ్ అడుగున మడ్డి

12 జనవరి

మా ఊరి సుహాసిని అక్క లేకపోతే నాకీ గల్ఫ్ ఉద్యోగం లేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ అమ్మ ఈ మాట గుర్తు చేస్తుంది. ఇవాళా చేసింది.

కేఫ్‌లు కోల్డ్ కాఫీకి వాడి పడేసిన కెగ్‌లు అనే స్టీలు పీపాలు ఇండస్ట్రియల్ ఏరియాలో మా వర్క్‌షాప్‌కి వస్తాయి. బాగుచేసి మళ్ళీ అమ్ముతాం. నేను ఆఫీసులో నంబర్లు ఎక్కిస్తాను. అక్క సేల్స్. ఇద్దరిదీ ఒకే రూము. లంచ్ టైములో వాషింగ్ షెడ్‌కి వెళ్ళి, కెగ్‌లు కడిగే ముత్యం అన్న దగ్గర కూర్చుంటాను. ఆయన ఎక్కువ మాట్లాడడు. నాకదే ఇష్టం.

15 జనవరి

ఒక కెగ్ మొత్తం నేనే చేశాను. ముందు వాల్వ్ లాగి లోపలి గ్యాస్ వదలాలి. విప్పి వేడి సోడా నీళ్ళలో నానబెట్టాలి. పొడుగు పైపులో బ్రష్ దూర్చాలి. ఐదు రబ్బరు రింగులూ కొత్తవి వెయ్యాలి. చివర గ్యాస్ ఎక్కించి సబ్బునీళ్ళు చల్లితే ఒక చోట బుడగ లేచింది, అంటే లీకు. ముత్యం అన్న మళ్ళీ విప్పించాడు. బుక్కు సదివినట్టు గాదు చెల్లె, రింగు కూసున్నదా లేదా వేలుకు ఎర్కైతది అన్నాడు.

19 జనవరి

అక్క పన్నెండు కెగ్‌లు అమ్మింది. పక్క ఊరు వక్రాలో ఎవరో జ్యూస్ స్టాల్ పెడుతున్నారట. కడిగే విధానం ఇంగ్లిష్‌లో రాసి వాళ్ళకి పంపమంది. నీ ఇంగ్లిష్ ముందు మాదెంతలే కాన్వెంటు పిల్లా, నీ మెయిల్ నుంచే కొట్టెయ్ అంది. రెండు పేజీలు రాశాను. బాగా వచ్చింది.

4 ఫిబ్రవరి

ఆ పన్నెండు కెగ్‌లలో ఒకటి లీకవుతోందని వెనక్కి వచ్చింది. ముత్యం అన్న మూత తీసి వాసన చూశాడు. అడుగున గోధుమరంగు మడ్డి. మా నాయిన నలభై ఏండ్లు తాళ్లెక్కిండు, పులిసిన వాసన నాకు నేర్పుతరా, ఇది జ్యూస్ గాదు చెల్లె, ఎవడో ఇంట్లనే బీరు జేస్తుండు అన్నాడు. కల్లు కుండల అడుగునా ఇలాంటి మడ్డే ఉంటుందట. ఈడ బీరు జేస్తే జైలే, ఎవ్వలకు జెప్పకు, మనకెందుకీ పంచాయితీ అన్నాడు.

రూముకి రాగానే అక్కకి చెప్పాను. ఆమె దగ్గర దాచడం నాకు రాదు. ముత్యం అన్న పేరు కూడా చెప్పాను. అక్క నవ్వింది. మాల్ట్ డ్రింక్ అయ్యుంటుంది, సూపర్‌మార్కెట్లో నువ్వు కొనుక్కుంటావే మత్తులేనిది, అదే, ఆయనకి దేన్ని చూసినా కల్లే గుర్తొస్తుంది అంది. నేనూ నవ్వాను.

5 ఫిబ్రవరి

మాల్ట్ డ్రింక్ సీసా తలకిందులు చేసి చూశాను. మడ్డి లేదు. అక్కని మళ్ళీ అడగలేదు.

17 ఫిబ్రవరి

వక్రాలో ఒక విల్లా. వాసన భరించలేక పక్కింటివాళ్ళు ఫిర్యాదు చేశారట. పోలీసులు వెళ్తే లోపల బీరు. పన్నెండులో పదకొండు కెగ్‌లు అక్కడే దొరికాయి, మా స్టిక్కర్లతో.

మేనేజర్ ఇక్రాముద్దీన్ సార్ పిలిచి ఒక కాగితం చూపించాడు. అక్క రాసిచ్చింది. వాసన చూసే బీరని చెప్పాడంటే ముత్యానికి ఆ పని తెలుసు, కెగ్‌లు విల్లాకి చేర్చింది అతనే, దీనికి సాక్షిని నేనట. వాసన దాకా నా మాటలే. ఆ తర్వాతవి అక్కవి.

రేపటికి నా సంతకం కావాలన్నాడు. ముత్యం అన్నని డ్యూటీకి రావద్దన్నారు, కార్మికులుండే క్యాంప్ దాటొద్దన్నారు.

సాయంత్రం 6

అక్క బట్టలు మడతపెడుతూ చెప్పింది. ఆ కెగ్‌లు దేనికో ఆమెకి మొదటి రోజే తెలుసట. ముత్యాన్నయితే ఇంటికి పంపేస్తారు, అంతటితో పోతుంది, మన సంగతి ఆలోచించు అంది. నేను సంతకం పెట్టకపోతే నా మెయిల్ బయటికొస్తుందట. కెగ్ కడిగే విధానం, కింద నా పేరు.

అందుకేనా నా మెయిల్ నుంచి పంపించావు అని అడిగాను. అవుననుకో అంది. తర్వాత చపాతీకి పిండి కలపనా అని అడిగింది.

ఏడవలేదు. ఎవ్వలకు జెప్పకు అన్న మాటని నేను ఒక్క సాయంత్రం కూడా నిలబెట్టలేదు. అక్క మీద కోపం తెచ్చుకుందామంటే అదే అడ్డొస్తోంది.

18 ఫిబ్రవరి

సంతకం పెట్టలేదు. వేరే కాగితం రాసిచ్చాను. పన్నెండు కెగ్‌లు ఎవరు అమ్మారో, మెయిల్ ఎవరు రాయించారో. మెయిల్ ప్రింటు నేనే జతచేశాను. సార్ రెండుసార్లు చదివాడు. నీ ఉద్యోగం కూడా పోవచ్చు బేటీ, తెలుసా అన్నాడు. తెలుసన్నాను. అక్కని రేపు పదింటికి పిలుస్తాను, అందాకా ఏమీ మాట్లాడకు అన్నాడు.

ముత్యం అన్నకి ఫోన్ చేశాను. మీ పేరు అక్కకి చెప్పింది నేనే అన్నాను. అవతల ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు. ఎర్కనే అన్నాడు. పెట్టేశాడు. చెల్లె అనలేదు.

19 ఫిబ్రవరి, ఉదయం 5:40

పదింటి సంగతి అక్కకి ఇంకా తెలియదు. నాకూ టీ పెట్టింది. బయట చలిగా ఉంది, స్వెటర్ వేసుకో అంది.

వేసుకున్నాను.