నా పేరు వినబడితే

డాక్టరమ్మగారికి సలాం.

రేపు నా భార్య ఇజ్జాను మెలకువగానే ఉంచి, మాట్లాడిస్తూ తలకు ఆపరేషన్ చేస్తామన్నారు. మధ్యలో మూర్ఛ వస్తే ఎలాగని నేను అడిగితే, "భయపడకండి, మెదడు మీద చల్లటి సెలైన్ పోస్తే ఆగిపోతుంది" అన్నారు. ఇన్నేళ్లూ మేం ఆమె గుప్పిట్లో ఇనుప తాళంచెవి పెట్టడమే ఎరుగుదుం.

నిన్న మీ నర్సు, ఆపరేషన్‌లో చూపించబోయే ఫొటోలే చూపించి పేర్లు చెప్పించింది. రొట్టె, గాడిద, టీ కెటిల్ అన్నీ గడగడా చెప్పిన మనిషి నా ఫొటో దగ్గర ఆగిపోయింది. మాట తడబడుతోందని నర్సు రాసుకుంది. తడబాటు కాదమ్మా. మా అట్లస్ కొండల్లో ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. నర్సు అటు వెళ్లగానే నా మీద విరుచుకుపడింది. "ఇదిగో ఇంటాయనా, ఆ ఫొటో ఎందుకిచ్చావు? అందరి ముందూ నా పరువు తీశావు గదా!"

అందుకని రేపు ఆ ఫొటో చూపించకండి. ఒకవేళ చూపించినా, ఆమె ఊరుకుంటే మూర్ఛ అనుకోకండి.

ఇంకొక్క మాట, ఎలా రాయాలో తెలియడం లేదు. మూర్ఛ వచ్చే ముందు మాత్రం ఆమె నన్ను పేరు పెట్టి పిలుస్తుంది. పెళ్లయ్యాక ఆమె నోట నా పేరు విన్నది అప్పుడే. నా పేరు మీ ఆసుపత్రి కాగితాల్లో ఉంది. రేపు అది వినబడితే నన్ను పిలుస్తోందనుకోకండి. వెంటనే ఆ చల్లటి సెలైన్ పొయ్యండి.

బయట వరండాలోనే ఉంటాను.

ఇజ్జా ఇంటాయన