వ్యాన్ వెనక రాసిన ప్రశ్న

తాష్-బులాక్ గ్రామం, కొచ్‌కోర్ దగ్గర
జూన్ 9

బిష్కెక్‌లోని ‘కెర్బెన్’ పార్సిళ్ళ కంపెనీ పెద్దలకు ఎసెన్‌గుల్ సలాములు చెప్పి రాసే సంగతులు:

మీ వ్యాన్ వెనక “నేను ఎలా నడుపుతున్నాను? మాకు రాయండి” అని ఉంది. అడిగారు కాబట్టి రాస్తున్నాను. ఘోరంగా నడుపుతున్నాడు.

నేను చెప్పేది మా ఊరికి వచ్చే మీ డ్రైవర్ తిలెక్ గురించి. నేను ముప్పై ఒక్క ఏళ్ళు జిల్ లారీతో కొండదారులన్నీ తొక్కినవాణ్ణి. బండి నడపడం గురించి నాకు చెప్పే మొనగాడు ఈ జిల్లాలో లేడు. ముందు సీట్లో ఒక ప్రయాణికుణ్ణి ఎక్కించుకుంటామని మీరే రాశారు కదా అని, మొన్న కొచ్‌కోర్ సంతకు అతని బండెక్కాను. కూర్చున్నానో లేదో “తాతా, బెల్టు పెట్టుకోండి” అన్నాడు! మా వైపు బండెక్కి బెల్టు పెట్టుకుంటే డ్రైవర్ మొహం మీదే “నిన్ను నమ్మను” అన్నట్టు. సరే, నన్ను అవమానించాడు, ఊరుకున్నాను. తనూ పెట్టుకున్నాడు! తన చేతుల్ని తానే నమ్మనివాడి పక్కన నేను కూర్చోవాలా?

పైగా నత్తనడక. ఊళ్ళో ఒక ముసలి గాడిద మమ్మల్ని దాటిపోయింది. దాని మీదున్నవాడు నాకు సలాం కూడా కొట్టాడు. జేబులో ఫోను మోగుతుంటే తీయడు, “బండి ఆపాక మాట్లాడతా” అంటాడు. కన్నతల్లి చేసిందేమోనన్న బెంగైనా లేదు. మలుపులో ముందున్న లారీని దాటరా అంటే “అవతల ఏముందో కనిపించట్లేదు తాతా” అన్నాడు. కనిపించాక దాటడంలో గొప్పేముంది?

వాడికి గట్టిగా బుద్ధి చెప్పండి.

మీ మేలు కోరే
ఎసెన్‌గుల్, రిటైర్డ్ డ్రైవర్

తా.క.: ఈ ఉత్తరం తిలెక్ చేతికే ఇచ్చి పంపుతున్నాను. కవరు అంటించలేదు. వాడు విప్పి చదవడు, అంత బుద్ధిమంతుడు.


బిష్కెక్
జూన్ 16

గౌరవనీయులు ఎసెన్‌గుల్ గారికి సలాములు.

మీ చమత్కారాన్ని ఆఫీసంతా పడి పడి నవ్వుతూ చదివాం. తిడుతున్నట్టే పొగడటం మీ తరం వాళ్ళకే చేతనవును! బెల్టు, వేగం, ఫోను, మలుపు... మేం శిక్షణలో చెప్పేవన్నీ ఒక్కటీ వదలకుండా రాశారు. మీ ఉత్తరాన్ని గోడకు అంటించాం. తిలెక్‌ను ఈ నెల ఉత్తమ డ్రైవర్‌గా ఎంచి, టీ ఫ్లాస్కు బహూకరించాం.

నమ్రతతో,
బర్చినై, డ్రైవర్ల భద్రతాధికారి

తా.క.: దారిలో కళ్ళు బరువెక్కితే బండి ఆపి టీ తాగమన్నాం. మొదటి టీ మీ గేటు ముందే తాగుతానని తిలెక్ ముచ్చటపడ్డాడు.


తాష్-బులాక్
జూన్ 25

బర్చినై అమ్మాయికి సలాం. మర్యాద తప్పకూడదని మాత్రమే చెప్పాను.

పొగిడానా? నేనా? నేను తిట్టిన తిట్లన్నీ దండ గుచ్చి వాడి మెళ్ళో వేశారే!

ఇక మీ ఫ్లాస్కు చేసిన నిర్వాకం వినండి. తిలెక్ మా గేటు ముందు బండి ఆపి, సొంత టీ తాగాడు! ఎసెన్‌గుల్ గుమ్మం ముందు, వచ్చినవాడు తన టీ తాను తాగడం! ఊరు ఊరంతా చూసింది. పక్కింటివాడు “అయ్యో, మీ ఇంట్లో టీపొడి అయిపోయిందా?” అని గిన్నెడు పట్టుకొచ్చి ఇచ్చాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

అయినా ఓర్చుకుని కుమిస్ తీసుకెళ్ళాను. మా ఎర్రగుర్రం పాలు, మా ఆవిడ మూడు రోజులు చిలికి పులియబెట్టింది. “మన్నించండి తాతా, బండి నడిపేటప్పుడు తాగను, తల దిమ్మెక్కుతుంది” అన్నాడు. మా ఇంటి కుమిస్ వద్దన్న మొదటి మగాడు వీడే! పోనీ, రొట్టె ముక్క నోట్లో వేసుకోకుండా మా గడప ఎవరూ దాటరు కదా, లోపలికి రారా అన్నాను. ఇంటింటా కూర్చుంటే ఆలస్యమై, తర్వాత తొందరపడి నడపాల్సొస్తుందట. గడపే ఎక్కలేదు.

ఇది ఫిర్యాదు. మొదటిదీ ఫిర్యాదే. కింద రెండు గీతలు గీశాను, చూసుకోండి.

ఒళ్ళు మండిపోతున్న
ఎసెన్‌గుల్

తా.క.: నేను ఆయన భార్య కల్‌బూబూని. ఉత్తరం మడతపెడుతూ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. మొన్న బాలిక్చీలో కంటి డాక్టరు దగ్గరికి తిలెక్ బండిలోనే వెళ్ళొచ్చాను, బంగారంలాంటి పిల్లాడు. ఈయన మాట పట్టించుకోకండి. ఆ అబ్బాయి వద్దన్న కుమిస్ అంతా తనే తాగి ఈ ఉత్తరం రాశారు.


బిష్కెక్
జూలై 2

గౌరవనీయులు ఎసెన్‌గుల్ గారికి,

మీరు గీతలు గీసి మరీ చెప్పాక నా చేతిలో ఏమీ లేకపోయింది. ఒకే మనిషి నుంచి రెండు ఫిర్యాదులు రాతపూర్వకంగా వస్తే డ్రైవర్‌ను తీసేయాలన్నది మా యజమాని పెట్టిన నియమం. కల్‌బూబూ గారి మాట చూపించాను. “తా.క.లు లెక్కలోకి రావు” అన్నారు. తిలెక్‌ను ఈ ట్రిప్పు కాగానే బండి దింపుతాం. అతనికింకా ఈ సంగతి చెప్పలేదు. ఈ నెల పదిహేను దాకా మా ఆవరణలో వ్యాన్లు కడుగుతాడు, ఆ తర్వాత ఇంటికే. అతనికి ఇద్దరు పసిపిల్లలు.

ఇకపై మీ ఊరికి జాన్‌తాయ్ వస్తాడు. మీరు కోరినవన్నీ అతనిలో ఉన్నాయి.

విచారంతో,
బర్చినై

తా.క.: ఈ ఉత్తరం తెచ్చేదీ తిలెకే, ఇదే అతని ఆఖరి ట్రిప్పు. “తాతగారు మళ్ళీ మెచ్చుకుంటూ రాశారా?” అని అడిగాడు. నేను కిటికీ వైపు తిరిగి ఈ ముక్కలు రాస్తున్నాను.


జూలై 14

బర్చినై అమ్మాయికి,

మీ ఆఫీసులో బుద్ధున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఒక ముసలాడు నోరు పారేసుకుంటే ఒక ఇంటి పొయ్యి ఆర్పేస్తారా? నా మీద ముప్పై ఒక్క ఏళ్ళు ఫిర్యాదులొచ్చాయి, ఒక్కడైనా పట్టించుకున్నాడా?

జాన్‌తాయ్ వచ్చాడు. దుమ్ములేపుకుంటూ వచ్చాడు, రెండు బాతులు పోయాయి. బెల్టు వీపు వెనక దోపుకున్నాడు. చెవి దగ్గర ఫోను. రెండు గిన్నెల కుమిస్ తాగి మూడోది అడిగాడు. “డ్రైవరంటే వీడురా!” అని భుజం తట్టాను. కల్‌బూబూ మళ్ళీ కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే వాడి పక్కన నేనే ఎక్కించి పంపాను.

తిరిగొచ్చిన మూడో రోజు టీ పోస్తూ, “వాడు అచ్చం నీలాగే నడిపాడు” అంది. నేను మీసం దువ్వుకున్నాను.

“పెళ్ళైన దగ్గర్నుంచీ నీ లారీలో ఆ దారిన కళ్ళు మూసుకునే కూర్చున్నాను. దేవుడా దేవుడా అనుకుంటూ. ఓర్తో-తొకోయ్ ఆనకట్ట దగ్గర అన్ని నీళ్ళున్నాయని, అంత నీలంగా ఉంటాయని తిలెక్ పక్కన కూర్చున్న రోజే చూశాను. మొన్న మళ్ళీ మూసుకున్నాను.”

ఆ నీళ్ళ గురించి ఊరందరికీ కథలు కథలుగా చెప్పినవాణ్ణి నేను. నా పక్క సీట్లో మనిషి చూడలేదని నాకు తెలియదు. సిగ్గేసింది అమ్మాయీ. చాలా సిగ్గేసింది.

నా ఫిర్యాదులు రెండూ వెనక్కి తీసుకుంటున్నాను. ఇది కొత్త ఫిర్యాదు, మీ యజమాని మీద. తిలెక్‌ను రేపే మా ఊరి బండి ఎక్కించండి. కుమిస్ తగువు కల్‌బూబూ తీర్చింది: ఆ ఫ్లాస్కులో పోసిస్తుంది, పని అయ్యాక ఇంటికెళ్ళి తాగుతాడు. రొట్టె ముక్క మాత్రం కిటికీలోంచైనా అందుకుని తినాల్సిందే. అందులో రాజీ లేదు.

తప్పు ఒప్పుకున్న
ఎసెన్‌గుల్

తా.క.: దీన్ని జాన్‌తాయ్ చేతికి ఇవ్వలేదు. ఇప్పుడు మీ బల్ల ముందు నిలబడి ఉన్నావిడే కల్‌బూబూ. నా పాత కారులో వచ్చాం. గాడిదలన్నీ మమ్మల్ని దాటిపోయాయి, ఆవిడ దారి పొడుగునా కళ్ళు తెరుచుకునే ఉంది. నేనూ పైకొచ్చి తిలెక్‌కు క్షమాపణ చెప్పేవాణ్ణే. కానీ ముప్పై ఏళ్ళుగా పొట్టేళ్ళను కట్టడానికి తప్ప వాడని బెల్టు ఇది, బిగుసుకుపోయింది, ఊడి రావడం లేదు. మీ కిటికీ కిందే, కారులో కూర్చుని ఇది రాస్తున్నాను. తిలెక్‌కు కత్తెర ఇచ్చి పంపండి.