లిల్లీని అడిగిన ప్రశ్నలు

హైదరాబాదు,
ఆదివారం.

ప్రియమైన మేరీ అక్కకు నీ చెల్లెలు సునీత వందనాలు. నువ్వు, బావ, లిల్లీ ఎలా ఉన్నారు? అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నా గురించి బెంగపడొద్దు. వేళకు తింటున్నాను. ఇక్కడ వానలు, హాస్టల్లో బట్టలు ఆరడం లేదు. కూరల్లో కారమే ఉండదు, వీలైతే పండుమిరప పచ్చడి పంపు.

లిల్లీ వాళ్ల నాన్న దగ్గరికి పోవడం లేదని పోయిన వారం ఫోన్‌లో అన్నావు. "ఎత్తుకోబోతే బిగుసుకుపోతందే పిల్ల, ఏమైందో ఏందో" అని నువ్వు ఏడుస్తుంటే ఫోన్ పెట్టేశాను. కారణం నాకు తెలుసక్కా. నోటితో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను.

మా హోముకు వచ్చే ఆడపిల్లల మీద జరిగిన అఘాయిత్యాలు విని, ఫైల్లో రాయడం నా పని. మొదట్లో గదికొచ్చి ఏడ్చేదాన్ని. తర్వాత ఏడుపు ఆగిపోయింది. అలవాటైందనుకున్నాను. వేసవిలో లిల్లీ అంత పిల్ల ఒకతె వచ్చింది. చానా రోజులు నోరు విప్పలేదు. చివరికి "మా నాన్నే" అంది. అప్పటినుంచి బస్సులో ఏ తండ్రి కూతురి చెయ్యి పట్టుకున్నా వాళ్లు దిగేదాకా ఆ చేతినే చూస్తూ ఉండేదాన్ని.

ఆ తర్వాతే నడికుడిలో మీ ఇంటికి వచ్చాను. బావ డ్యూటీ దిగొచ్చి లిల్లీకి జడ వేస్తుంటే చూశాను. నువ్వు బజారుకెళ్లినప్పుడు దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, పనిలో అడిగే ప్రశ్నలన్నీ అడిగాను. నాన్న ఎక్కడ ముట్టుకుంటాడు, ఎవరికీ చెప్పొద్దంటాడా అని. అది భయంగా చూసి, "మా నాన్న మంచోడు కాదా పిన్నీ?" అంది. మంచోడేనన్న ఒక్క మాట నా నోట రాలేదు.

మన నాన్న పోయాక నన్ను నర్సరావుపేట కాలేజీలో చేర్పించింది బావే. తండ్రిలా చూసుకున్న మనిషిని అనుమానించాను.

మా హోము మేడమ్‌కు అంతా చెప్పేశాను. కోప్పడలేదు. "విన్నదంతా నీలోనే పేరుకుపోయింది సునీతా, కొన్నాళ్లు కేసులు చూడొద్దు" అని డాక్టరు దగ్గరికి పంపింది. ఇలాంటి పనిలో ఉన్నవాళ్లకు ఇది వస్తుందట. వస్తుందని ముందు ఎవరూ చెప్పలేదక్కా.

ఈ ఉత్తరం బావకు చదివి వినిపించు, ఒక్క మాట కూడా దాచకు. శనివారం వస్తున్నాను. వాళ్ల నాన్న మంచోడేనని లిల్లీకి నేనే చెప్పాలి. బావ నన్ను గడప తొక్కనివ్వకపోతే తప్పు పట్టను. పిల్లను స్టేషన్‌కు తీసుకురా, బెంచీ మీద కూర్చుని దానితో మాట్లాడి తిరుగు బండి ఎక్కుతాను.

అమ్మకు, పాస్టరుగారికి నా వందనాలు. ముందు లిల్లీ కోసం ప్రార్థన చెయ్యి. మిగిలితే నా కోసం.

నీ చెల్లెలు,
సునీత