పాసయ్యాక వింటానంది

పిన్నీ,

చెల్లి డైటీషియన్ అవుతానంటోందని రాశావు. పోషకాహారంలో డిగ్రీ చెయ్యాలి, ఆసుపత్రి వార్డుల్లో శిక్షణ పొందాలి, ఆ తర్వాత పరీక్ష పాసై రిజిస్టర్ కావాలి. అప్పుడే రోగికి ఏం పెట్టాలో మన సంతకంతో రాయనిస్తారు.

మీ అక్క సంగతి నీకు తెలుసుగా, కూరలో ఉప్పు తగ్గితే కంచం పక్కకి నెట్టేసేది. నేనేమైనా అంటే, "ముందు పరీక్ష పాసవ్వవే, అప్పుడు వింటా" అని నవ్వేది.

పాసయ్యాను. ఆ వారమే అమ్మకి పక్షవాతం వచ్చింది. మాట పోయింది, మింగలేదు. మా వార్డులోనే ఉంది. ముక్కులో వేసిన గొట్టంలోంచి వెళ్ళేదంతా నేను రాసిందే. దేనికీ వద్దనదు.

చెల్లిని తప్పకుండా చదివించు. నాకు మాత్రం అమ్మ ఒక్కసారి "ఇదేం తిండే, చప్పగా ఏడిసింది" అని విసుక్కుంటే చాలు.

నీ అక్క కూతురు