యెన్‌లింగ్ ఊదే పెద్ద బాకా

షీవా గ్రామం, నవంబరు 9

పెయ్‌పెయ్ నాన్నకు,

ఇక్కడ గోధుమ విత్తడం అయిపోయింది. అత్తయ్యకు మోకాలి నొప్పి తగ్గింది. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్లీ ఈ ఉత్తరం ఏమిటని కంగారు పడకు. ఫోన్లో అయితే సగం వినేసరికి నీకు కోపం వస్తుంది, నీ కోపానికి నా నోరు పెగలదు. కాగితం మీదైతే చివరిదాకా చదువుతావు.

నేను మన ఊరి చర్చి సంఘం బ్యాండు మేళంలో చేరాను. పది నెలలైంది. "ప్రార్థనకు పోతే పో, ఆ ఆడాళ్ల మేళంలో చేరి ఊళ్లో నవ్వులపాలు మాత్రం కావద్దు" అన్నావు. ఆ మాట కాదని చేరాను. మేళం నడిపే నియె అక్క మొదట నా చేతికి డోలు ఇచ్చింది. నా పెదవి చూసే ఇచ్చిందని నాకు తెలుసు. పుట్టుకతో చీలి, ఏడేళ్లప్పుడు కుట్టించుకున్న పెదవిలో గాలి నిలవదేమోనని ఆమె భయం. నాకు బాకాయే కావాలని పట్టుబట్టాను. చిన్న బాకాలో గాలంతా పక్కనుంచి జారిపోయింది. ఒంటికి చుట్టుకుని భుజం మీద మోసే పెద్ద బాకా ఒకటుంది, దాని మూతి వెడల్పు. అది నాకు కుదిరింది. చిలగడదుంపలు దాచే నేలకొట్లోకి దిగి సాధన చేశాను. పైనుంచి అత్తయ్య "ఒసేయ్, లోపల ఆవు గాని ఈనుతోందా ఏమిటే?" అని కేకేసేది.

ఇరవై రెండేళ్లుగా నీతో అనని మాట ఒకటుంది. మన పెళ్లి ఫోటోలో పూలగుత్తి నా ముక్కుదాకా ఉంటుంది. "ఇంకాస్త పైకెత్తమ్మా, ఇంకాస్త" అని ఫోటో తీసినాయన అంటూనే ఉన్నాడు. అత్తయ్యే అలా చెప్పించిందనుకున్నాను. ఆ కోపం కడుపులో పెట్టుకునే ఆవిడకు ఇన్నేళ్లూ వండి పెట్టాను. ఆ రోజు నుంచి నవ్వినా, తిన్నా, పాట పాడినా నా చెయ్యి నోటికి అడ్డం వెళ్లేది.

పోయిన సోమవారం లూ పెద్దమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది, గురువారం సాగనంపాం. నలభయ్యేళ్లొచ్చిన నన్ను పక్కన కూచోబెట్టుకుని, బైబిల్లో ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టించి చదువు చెప్పింది ఆవిడే. ఈ ఉత్తరం నా చేత్తో రాస్తున్నానంటే ఆవిడ చలవే. పట్నం నుంచి కొడుకు తాయ్‌మిన్ వచ్చాడు. జనం బాగా రావాలని అందరూ చావులకు పిలుస్తున్నట్టే డాన్సులాడే బృందాన్ని మాట్లాడాడట. మేం తెల్ల దుస్తుల్లో వాకిట్లో నిలబడేసరికి మండిపడ్డాడు.

"ఈ కోడిపెట్టల మేళం ఎవడు పిలిచాడు? మా ఆఫీసువాళ్లంతా వస్తున్నారు, నా పరువేం కాను?"

నియె అక్క తల దించుకుంది. నాకెక్కడి నుంచి వచ్చిందో ధైర్యం, ముందుకు వెళ్లాను. రెండు చేతులతో బాకా పట్టుకుని ఉన్నాను కదా, నోటికి అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి లేదు.

"అన్నయ్యా, మీ అమ్మ ఈ మేళం కోసం రెండేళ్లు మోకాళ్ల మీద ప్రార్థన చేసింది. ఒక్క పాట ఊదనివ్వు. సిగ్గనిపిస్తే మేమే వెళ్లిపోతాం."

అతను దారిలోంచి పక్కకు తప్పుకున్నాడు. పన్నెండు మందిమి ఊదుకుంటూ ఊరి మధ్య నుంచి సమాధి తవ్విన పొలం దాకా నడిచాం. ఎదురుగాలి. పెదవి పగిలి నెత్తురు ఉప్పగా తగిలింది. అయినా ఒక్క స్వరం తప్పలేదు. పాట అయ్యాక తాయ్‌మిన్ మట్టిలో కూలబడి, చిన్నపిల్లాడిలా "ఇంకోటి ఊదండి" అన్నాడు. డాన్సు బృందం వచ్చిన బండిలోనే వెనక్కి వెళ్లిపోయింది. అత్తయ్య కర్ర పొడుచుకుంటూ నా పక్కనే నడిచి, కనిపించినవాళ్లందరికీ "మా కోడలు, మా కోడలు" అని చూపించింది.

క్రిస్మస్‌కు జిల్లా పట్నం మందిరంలో పన్నెండు ఊళ్ల సంఘాలు కలుస్తున్నాయి. మా మేళాన్ని పిలిచారు. నేను వెళ్తున్నాను. నిన్ను అడగడం లేదు, చెబుతున్నాను. కోపం వస్తే వచ్చింది.

నీ
యెన్‌లింగ్

---

నింగ్‌బో, నవంబరు 17

యెన్‌లింగ్‌కు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నీ అక్షరాలు నావాటికన్నా బాగున్నాయి.

మేళం సంగతి నాకు ముందే తెలుసు. ఆ గురువారం సాయంత్రమే మన ఊరి చాంగ్ వీడియో పంపాడు. గదిలో పనివాళ్లం ఎనిమిది మందిమి నూడుల్స్ తింటున్నాం. "ఆడాళ్లు బాకాలూదుతున్నార్రోయ్!" అని సిచువాన్ నుంచి వచ్చినవాడు పగలబడి నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు లేదులే. కాసేపటికి వాడే, "ఆ పెద్దది మోస్తున్నావిడ ఎవర్రా? ఏం ఊపిరి!" అన్నాడు. నోట్లో ముద్ద మింగి "మా ఆవిడ" అన్నాను. మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నారు. నాలుగుసార్లు చూశారు.

ఫోన్లోనే చెబుదామనుకున్నాను, మొహం చెల్లలేదు. ఎందుకంటే ఫోటో ఆయనకు చెప్పింది అమ్మ కాదు, నేను. మావాళ్లు వెక్కిరిస్తారని భయపడ్డాను. అమ్మకు ఆ రోజే తెలిసింది. "పిల్ల మొహం దాచాల్సినవాడివి పెళ్లెందుకు చేసుకున్నావురా?" అని వంటింట్లో నా చెంప పగలగొట్టింది. నీకు చెప్పనని మాత్రం ఒట్టు వేయించుకున్నాను. నువ్వు ఆవిడ మీద పెట్టుకున్న కోపమంతా నాకు రావలసింది. మేళంలో చేరవద్దన్నదీ ఆ పిరికితనంతోనే. నన్ను ఎన్ని తిట్లు తిట్టినా పడతాను. ఈ కాగితం అమ్మకు చదివి వినిపించు.

క్రిస్మస్‌కు సెలవు అడిగితే మేస్త్రీ కుదరదన్నాడు. "మా ఆవిడ జిల్లా పట్నంలో బాకా ఊదుతోంది" అని వీడియో చూపించాను. నాలుగు రోజులు ఇచ్చాడు. రైలు టిక్కెట్టు కొనేశాను. బాకా బరువు కదా, మందిరం దాకా నేను మోస్తాను.

నాకు మీ ప్రార్థనలు రావు, నమ్మకమూ ఇంకా లేదు, అబద్ధం చెప్పను. వెనక బల్ల మీద కూచుంటాను. అందరూ లేచినప్పుడు లేస్తాను. నువ్వు ఊదేటప్పుడు మాత్రం ఎవరూ లేవకపోయినా నేను లేచి నిలబడతాను.

నీ
క్వాంగ్‌షెంగ్