కండె మింగిన పోగు

నవంబర్ 18, సోమవారం

సాంచాలు మొదలైనా కండె షెడ్డులోకి రాలేదు! ఊళ్లో పిల్లులన్నీ ఈ మరమగ్గాల మోతకు పారిపోతాయి. మా పిల్లికి ఆ మోత లేనిదే నిద్ర పట్టదు. చిన్నప్పుడు నూలు కండెల గంపలో మరో కండెలా ముడుచుకుని పడుకునేది. అందుకే తాత దానికి ఆ పేరు పెట్టాడు.

ఈరోజు బియ్యం బస్తా వెనక దాక్కుంది. పాలు పోస్తే మొహం తిప్పుకుంది. కాసేపటికి నురగ కక్కింది. బల్లిని తిన్నదేమో, రేపటికి అదే మంచిగైతది అంది అమ్మ.

మొన్న క్లాసులో ‘విముఖత’ అనే మాట విని ముచ్చటపడ్డాను. అది ఇలా ఉంటుందనుకోలేదు.

నవంబర్ 19, మంగళవారం

కండె నోట్లోంచి తెల్లటి పోగు కొస వేలాడుతోంది. చూసి అరిచాను. తాత సాంచా ఆపి పరుగెత్తుకొచ్చాడు. బట్ట మీద ఎక్కడ పోగు కొస కనిపించినా లాగి తెంపే చేయి ఆయనది. ఆలోచించలేదు. రెండు వేళ్లతో పట్టి లాగాడు.

కండె అరిచిన అరుపుకు నా దగ్గర మాట లేదు.

పోగు తెగింది. కొంచెమే బయటికొచ్చింది. మిగతాది లోపలే ఉంది.

నవంబర్ 20, బుధవారం, మధ్యాహ్నం

సిరిసిల్ల పశువుల ఆసుపత్రిలో డాక్టర్ మేడం కండె నోరు తెరిచి చూసింది, పొట్ట నొక్కి చూసింది. పోగు నాలుక కింద చిక్కుకుంది, రెండో కొస పేగుల్లోకి పోయింది. లంగా బొందు గుంజితే బట్ట కుచ్చులు పడ్డట్టు పేగు కుచ్చులు పడుతుందట. ఇంకా లాగితే కోసుకుపోతుందట.

ఎవరన్నా గుంజిండ్రా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే తాత, నేనే గుంజిన మేడం అన్నాడు. ఆమె తిట్టలేదు. శానమంది గదే చేస్తరు పెద్దయ్యా, ఇగ ముట్టకుండ్రి అంది.

సెలైన్ ఎక్కించి, కోరుట్లకు ఫోన్ చేసింది. అక్కడ పశువుల డాక్టర్లను తయారుచేసే కాలేజీ ఉంది. రేపు పొద్దున పరగడుపున తీసుకుపోవాలి. ఆపరేషన్ చేసి కొన్నాళ్లు అక్కడే అడ్మిట్ చేసుకుంటారట. బతుకుతుందా అని అడిగాను. రేపు ఆలస్యం చెయ్యకుండ్రి అని మాత్రమే అంది.

సాయంత్రం

కండెల గంప కడిగి ఎండబెట్టాను. మూత బదులు వల కట్టాలి. రాత్రి నుంచి నీళ్లు కూడా పెట్టొద్దన్నారు కాబట్టి గిన్నె దాచేశాను. ఇంటి వాసన ఉన్న బట్ట ఒకటి తెమ్మన్నారు.

నా మోకాలు జూపిద్దామంటె ఒక్కలకు తీరదు గని పిల్లికి ఆపరేషనట అని పొద్దటి నుంచీ సణుగుతున్న అమ్మ, తన పాత నూలు చీర చింపి గంపలో నాలుగు మడతలు పరిచింది. నేను సాంచాల చప్పుడు ఫోన్లో రికార్డ్ చేస్తుంటే, పిల్లికి గూడ రింగ్‌టోనానే అని నవ్వింది. బోనులో నిద్ర పట్టకపోతే వినిపించమని అక్కడివాళ్లను అడుగుతాను.

తాత అన్నం తినలేదు. రేపు నువ్వూ రా తాతా అన్నాను. నేను రాను బిడ్డా అన్నాడు. తొవ్వల గా కొస మల్ల కనవడితే నా చేతులు ఊకోవు అన్నాడు. డాక్టర్ చెప్పింది కదా, లాగవులే అన్నాను. నాకు ఎర్కే బిడ్డా, చేతులకు ఎర్క గాదు అన్నాడు.

పడుకునే ముందు

తాత సాంచాలు ఆపేసి ఒక్కడే కూర్చున్నాడు. చేతులు లుంగీకి తుడుచుకుంటూనే ఉన్నాడు.

రేపు పొద్దున మొదటి బస్సు. తాతను కిటికీ పక్కన కూర్చోబెడతాను. గంప ఆయన ఒళ్లో పెడతాను. రెండు చేతులతో పట్టుకోమంటాను. కోరుట్ల దాకా వదలొద్దంటాను.