అమ్మమ్మ పన్నూ, అమెరికా ఎలుగుబంట్లూ

నేస్

చిరంజీవి లోహితకు,

అమ్మమ్మ జానకమ్మ దీవెనలు. ఫోన్లో నువ్వు ఊఁ కొడుతూ వేరే పని చేసుకుంటావు కనుక కాగితం మీద రాస్తున్నాను. మీ నీలిమ పిన్ని చెప్పింది, వాటర్‌ఫోర్డ్‌లో నువ్వు ఎలుగుబంట్ల పళ్ళు చూసి వయసు చెబుతున్నావట. పాములే లేని ఈ ఐర్లండ్‌లో నీకు ఎలుగుబంట్లెక్కడ దొరికాయే? దొరికినా, నోరు తెరవమంటే తెరుస్తాయా? చేతులు జాగ్రత్త.

ఇట్లు,
ఇంకా సొంత పళ్ళతోనే నములుతున్న
అమ్మమ్మ

తా.క.: ఆడ ఎలుగుబంటిని వయసు అడిగితే ఊరుకుంటుందా? నేనైతే ఊరుకోను.

*

వాటర్‌ఫోర్డ్

అమ్మమ్మకు లోహిత నమస్కారాలు.

కంగారుపడకు, అవి బతికున్నవి కావు. అమెరికాలో లైసెన్సున్న వేటగాడు నల్ల ఎలుగుబంటిని కొడితే, దాని కోరపన్ను వెనకుండే చిన్న పన్ను పీకి, కవర్లో పెట్టి అక్కడి అటవీశాఖకు పంపుతాడు. వాటిలో కొన్ని మా లాబుకి వస్తాయి. పన్ను వేరును ఉల్లిపొరలా కోసి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద పెడితే చెట్టు మానులోలాగా గీతలు కనిపిస్తాయి. చలికాలానికొకటి. ముసలివాటికి అవి అంచున కిక్కిరిసిపోతాయి. అందుకే ఇద్దరం విడివిడిగా లెక్కపెడతాం. ముసలివి ఎన్ని పోతున్నాయో తెలిస్తే, వచ్చే ఏడు వేటకు ఎందరిని వదలాలో వాళ్ళు తేల్చుకుంటారు.

నీ మనవరాలు,
లోహిత

తా.క.: మనుషుల పళ్ళలోనూ ఇలాంటి గీతలుంటాయి. ఊరికే చెప్పాను.

*

నేస్

లోహితకు దీవెనలు.

బతికుండగా కాల్చి, చచ్చాక జాతకం రాయడం బాగానే ఉంది. కానీ నువ్వు ఊరికే చెప్పిన మాట నాకు పనికొచ్చింది.

వచ్చే నెల ఇక్కడి తెలుగువాళ్ళ సభ. అందరికంటే పెద్దావిడ దీపం వెలిగించాలని ఆనవాయితీ. కార్యదర్శి యుగంధర్ పాస్‌పోర్టులు చూసి, "లీలారాణి ఆంటీకి డెబ్బై తొమ్మిది, మీకు డెబ్బై ఎనిమిదే ఆంటీ" అన్నాడు. "అది బళ్ళో హెడ్మాస్టరు వేసిన పుట్టినరోజు నాయనా! మా నాన్న 'వరదొచ్చిన ఏడు పుట్టింది' అన్నాడు. హెడ్మాస్టరు ఏ వరదో అడక్కుండా, ఏదో ఏడు వేసి, జూలై ఒకటి అని రాసేశాడు. నాకు ఎనభై దాటాయి" అన్నాను. "గ్రాండ్, ఆంటీ. ప్రూఫ్ ఉందా?" అన్నాడు. ఈ దేశంలో "బాగుంది, ఫరవాలేదు" అనడానికి గ్రాండ్ అంటారు; వానొచ్చినా గ్రాండే, కాలు విరిగినా గ్రాండే!

లీలారాణి దీపం వెలిగిస్తుంటే నేను పక్కన అగ్గిపెట్టె పట్టుకు నిలబడాలా? కదులుతున్న పన్నొకటి ఉంటే నిన్న పీకించేశాను. కడిగి, వేరే కవర్లో నేరుగా మీ లాబుకే పంపాను.

ఇట్లు,
ప్రూఫ్ లేని ముసలిది

తా.క.: ఊళ్ళో తెలిస్తే పరువు పోతుందని కవరు మీద పేరు రాయలేదు. మీ వేటగాళ్ళ పద్ధతిలో "ఆడ, చాలా ముసలిది" అని మాత్రం రాశాను.

*

వాటర్‌ఫోర్డ్

అమ్మమ్మా,

నమస్కారాలు తర్వాత. కొంప మునిగింది. నీ ఉత్తరం కంటే ముందు నీ పన్నొచ్చింది. పేరు లేదు, పైన "ఆడ, చాలా ముసలిది" అని ఉంది. మా వాళ్ళు దాన్ని ఎలుగుబంట్ల ట్రేలో పెట్టి కోసేశారు. మా ప్రొఫెసర్ మేడం లెక్కపెట్టి కెవ్వుమంది. ఎలుగు ముప్పై దాటడమే అరుదు, ఇది డెబ్బై దాటిందని! ఆ వేటగాడెవడో కనుక్కోమని అమెరికాకు మెయిల్ రాయడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడు నీ ఉత్తరం నా చేతికొచ్చింది. "మేడం, అది మా అమ్మమ్మ" అన్నాను. నన్ను పైనుంచి కిందికి చూసి, మెయిల్ చెరిపేసి, "ఆవిడ క్షేమమేనా?" అని అడిగింది.

ఇక ఫలితం. గీతలకు, పన్ను రాకముందటి ఏళ్ళు కలిపితే నీకు ఎనభై ఒకటి. రెండు మూడేళ్ళు అటూ ఇటూ. మేడం సంతకం చేసిన కాగితం జత చేస్తున్నాను.

ఉద్యోగం ఇంకా ఉన్న
లోహిత

తా.క.: పిల్లల్ని సాకిన ఏళ్ళలో ఆడ ఎలుగుకి గీతలు సన్నబడతాయి. నీ పన్నులో అలాంటివి వెతికాను, దొరకలేదు. మా అమ్మను నిజంగా నువ్వే పెంచావా?

*

నేస్

లోహితకు దీవెనలు.

మీ అమ్మను పెంచింది మా అత్తగారు. నేను బళ్ళో ఊరి పిల్లల్ని తిట్టడంలో తీరిక లేకుండా ఉన్నాను.

కాగితం తీసుకుని సరాసరి లీలారాణి ఇంటికే వెళ్ళాను. మొహం మాడుతుందనుకున్నాను. చదివి, నన్ను కావలించుకుంది. "అక్కయ్యా, బతికించావు! నాకు నిజానికి డెబ్బై అయిదే. ట్రైనింగులో చేరడానికి వయసు చాలక మా నాన్న నాలుగేళ్ళు కలిపి రాయించాడు. అప్పట్నుంచీ నాకు అన్నీ నాలుగేళ్ళు ముందే. ఉద్యోగంలోంచి ముందే పంపేశారు. నా కోడలైతే నన్ను మెట్లు కూడా ఎక్కనివ్వదు!" అని, తనే యుగంధర్‌కి ఫోన్ చేసి తప్పుకుంది. పోట్లాట లేకుండా వచ్చిన గెలుపు ఉప్పులేని పప్పులా ఉందే.

దీపం వెలిగించాను. చప్పట్లు కొట్టారు. ఆపైన ఇద్దరు నన్ను రెక్కలు పట్టుకుని దించి, కుర్చీలో కూలేసి, కాళ్ళ మీద దుప్పటి కప్పారు. అందరికీ మిరపకాయ బజ్జీలు, నాకు పెరుగన్నం. ఎదురుగా లీలారాణి నాలుగో బజ్జీ తింటూ "నేను చిన్నదాన్ని కదా, అరుగుతుంది" అంటోంది.

ఇట్లు,
నేస్ పట్టణపు పెద్దావిడ

తా.క.: ఇందులో ఉన్నది లీలారాణి పన్ను. కోడలికి చూపించడానికి ఆవిడకూ ప్రూఫ్ కావాలట. డెబ్బై అయిదు వస్తే కాగితం ఆవిడకు పంపు. నాకంటే పెద్దదని తేలితే మాత్రం ఎవరికీ చెప్పకు తల్లీ, దీపం వెలిగించేశాను.